సమస్యతో మొదలయ్యే ఫైనాన్స్ తరగతి: అపోహలు – వాస్తవాలు

విశ్వవిద్యాలయంలో ఫైనాన్స్‌ను చిన్న బృందాలతో, సమస్యాధారిత పద్ధతిలో, అంటే పాఠం కన్నా ముందే సమస్య ఇచ్చి, బోధిస్తాను. ఈ పద్ధతిపై తోటి అధ్యాపకుల నుంచి, విద్యార్థుల నుంచి తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: ముందు సూత్రాలన్నీ నేర్పాలి, ఆ తర్వాతే సమస్య ఇవ్వాలి.

వాస్తవం: ఈ వరుసను తిరగేయడంలోనే పద్ధతికి ప్రాణం ఉంది. నేనిచ్చే ఒక సమస్య చూడండి. సంస్థ ముందు రెండు ప్రతిపాదనలున్నాయి, ఒకదాన్నే ఎంచుకోవాలి. మొదటిదానిలో 100 పెడితే ఏడాది తర్వాత 150 వస్తుంది. రెండోదానిలో 1,000 పెడితే 1,250 వస్తుంది. మూలధన వ్యయం, అంటే పెట్టుబడి డబ్బు సమకూర్చుకోవడానికి ఏటా అయ్యే ఖర్చు, 10 శాతం. బృందం దాదాపు ఎప్పుడూ మొదటిదానివైపే మొగ్గుతుంది: రాబడి రేటు 50 శాతం, రెండోదానికి 25 శాతమే. ఇంతలో ఎవరో ఒకరు అడుగుతారు: ‘మరి చేతికి మిగిలేదెంత?’ లెక్కిస్తే నికర ప్రస్తుత విలువ (వచ్చే డబ్బును నేటి విలువలోకి మార్చి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది) మొదటిదానికి సుమారు 36, రెండోదానికి 136. ఇంకొకరు అందుకుంటారు: ‘మొదటిది ఎంచుకుంటే మిగిలే 900 ఏం చేస్తాం?’ ఆ డబ్బు 10 శాతమే సంపాదించగలిగితే రెండోదే మేలు. ఈ వాదన జరిగాక పాఠ్యపుస్తకం తెరిచిన విద్యార్థి తన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదువుతాడు. నేనెంత బాగా ఉపన్యసించినా ఆ ఆకలి పుట్టించలేను.

అయితే కొత్తవారిని దారి చూపకుండా వదిలేస్తే వారి జ్ఞాపకశక్తిపై భారం పెరుగుతుందని విద్యా పరిశోధకులు కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. అందుకే డిస్కౌంటు లెక్కను, అంటే రేపటి డబ్బును నేటి విలువలోకి మార్చడాన్ని, మాత్రం ముందే నేర్పుతాను.

అపోహ: ఇది కేస్ స్టడీకే మరో పేరు.

వాస్తవం: కాదు. కేస్ స్టడీలో సాధారణంగా విద్యార్థి ముందే చదివి, నేర్చుకున్న పరికరాలను ప్రయోగిస్తాడు. ఇక్కడ సమస్యే ముందు వస్తుంది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్య విద్యలో మొదలైన ఈ పద్ధతిని 1976లో స్థాపితమైన నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం వ్యాపార, ఆర్థిక శాస్త్రాలకూ తెచ్చింది. అక్కడ వాడే ఏడు మెట్లలో, బృందం తనకు తెలియనిదేమిటో తేల్చుకుని అభ్యసన లక్ష్యాలు రాసుకోవడం ఐదోది. నా దృష్టిలో అదే కీలకం.

అపోహ: అధ్యాపకుడికి పని తగ్గుతుంది.

వాస్తవం: పని తరగతికి ముందుకు జరుగుతుంది. మంచి సమస్య ఒకటి రాయడానికి ఉపన్యాసం సిద్ధం చేయడం కన్నా ఎక్కువ సమయం పడుతుంది.

అపోహ: మాటకారులే బాగుపడతారు.

వాస్తవం: ఈ ప్రమాదం నిజంగానే ఉంది. చర్చ నడిపే బాధ్యత, బోర్డుపై రాసే బాధ్యత ప్రతి సమావేశానికీ మారుస్తాను. మార్కుల్లో పెద్ద వాటా వ్యక్తిగత పరీక్షకే ఇస్తాను. అందులో లెక్కతోపాటు, ఏ ప్రతిపాదన ఎంచుకోవాలో సంస్థ డైరెక్టర్లకు ఒక పేజీ లేఖ రాయాలి. చర్చలో పెదవి విప్పని వారి నుంచి ఎంతో స్పష్టమైన లేఖలు అందుకున్నాను.