శరీరం పాఠం ఒకరిది, భద్రత పాఠం ఇంకొకరిది

లైంగిక విద్యను తొమ్మిదో తరగతి దాకా ఆపొద్దని, ఇంకా చిన్న వయసు నుంచే చెప్పాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో అన్నది. దాంతో వరంగల్, హనుమకొండ బడుల్లోనూ పాత వాదన మళ్లీ రాజుకుంది. పిల్లలకు లేనిపోనివి నేర్పినట్లవుతుందని కొందరు తల్లిదండ్రుల భయం, అలాంటివి ఇంట్లోనే నేర్పుకుంటామని వాళ్ల వాదన. 2007లో పలు రాష్ట్రాలు కౌమార విద్యను ఆపేసిన కథ తెలిసిందే. దాన్ని వదిలేద్దాం.

అసలు మలుపు 2009లో వచ్చింది. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని సిఫారసు చేసింది. కౌమారంలో వచ్చే శారీరక, మానసిక మార్పులు, హెచ్‌ఐవీ గురించిన పాఠాలు ఇంటర్ స్థాయికి ముందు ఉండొద్దన్నది. మూడేళ్లు దాటాక, 2012 నవంబరు 14న, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి బిడ్డకూ అది వర్తిస్తుంది. ఈ చట్టం కింద నేరం ఏ సెక్షన్‌లోకి వస్తుందో తేలాలంటే ఎక్కడ తాకాడో, ఏం చేశాడో చాలాసార్లు బిడ్డే చెప్పాలి. ఒంటి గురించి మాట్లాడటమే తప్పని పెంచిన బిడ్డ ఏమని చెబుతుంది?

ఆ రెండు నిర్ణయాల మధ్య పాఠం చీలిపోయింది. ఎనిమిదిలో కౌమారదశ, పదిలో ప్రత్యుత్పత్తి జీవశాస్త్రం పుస్తకంలో ఉన్నాయి. చాలా తరగతి గదుల్లో మాత్రం 'ఇంటికాడ చదువుకోండి' అనే మాటతో పేజీ తిరిగిపోతుంది. భద్రత పాఠం పోలీసుల షీ టీమ్‌ల వంతైంది. వాళ్లు వచ్చి గుడ్ టచ్, బ్యాడ్ టచ్ వివరించి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ రాయించి వెళ్తారు. మంచి పనే, కాదనలేం. కానీ పోలీసులు వెళ్లిపోయాక పిల్లకు సందేహం వస్తే అడిగేది క్లాస్ టీచర్‌నే. ఆ టీచర్‌కూ ఒక బెరుకుంది. బిడ్డ నోరు విప్పితే పోక్సో 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే శిక్ష. ఈ సంగతి నింపాదిగా కూర్చోబెట్టి చెప్పిన శిక్షణ ఎందరికి అందింది?

2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాపపై ఘోరం జరిగినప్పుడు జనం ఉరి కావాలన్నారు. ఆగస్టులో కింది కోర్టు ఉరిశిక్షే వేసింది, నవంబరులో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఆ పసికందును ఏ పాఠమూ కాపాడలేదు, నిజమే. అయితే దేశమంతటా పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బిడ్డకు తెలిసినవాళ్లే. ఇంట్లోనే నేర్పుకుంటామనే వాదన ఇక్కడే తడబడుతుంది.

2020లో కేంద్రం తెచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ఈ రెండు ముక్కల్నీ ఒకచోటికి చేర్చింది. బడికి ఇద్దరు టీచర్లు, పదకొండు అంశాలు. వాటిలో ప్రత్యుత్పత్తి ఆరోగ్యమూ ఉంది, హింస నుంచి రక్షణా ఉంది. ఆ ఇద్దరికీ టైంటేబుల్‌లో పీరియడ్ ఇవ్వాల్సింది జిల్లా విద్యాశాఖ. సుప్రీంకోర్టు కూడా ఎన్నో తరగతి నుంచి, ఎలా చెప్పాలన్నది అధికారులకే వదిలింది.