పరిశోధన డబ్బు ఏ జబ్బుకు? ప్రాధాన్య జాబితాల వెనక కథ

1986లో ప్రపంచమంతా కలిసి ఆరోగ్య పరిశోధనపై పెట్టిన ఖర్చు సుమారు 3,000 కోట్ల డాలర్లు. అందులో వర్ధమాన దేశాల జబ్బులకు దక్కింది 160 కోట్లు, అంటే ఐదు శాతం పైచిలుకు. అకాల మరణాల భారంలో 93 శాతం మోస్తున్నది మాత్రం ఆ దేశాలే. 1990లో ఓ అంతర్జాతీయ కమిషన్ ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూపింది. ఆరోగ్య బడ్జెట్‌లో కనీసం 2 శాతం పరిశోధనకు కేటాయించాలని ప్రతి దేశానికీ, ఆరోగ్య సాయంలో 5 శాతం అటు మళ్లించాలని దాతలకూ చెప్పింది. ‘10/90 అంతరం’ (90 శాతం జబ్బుల భారానికి పరిశోధన డబ్బులో 10 శాతమే) అన్న నినాదం ఆ లెక్కల నుంచి పుట్టిందే, కాకపోతే సరిగ్గా ఆ అంకెలు కమిషన్ నివేదికలో ఉన్నవి కావు. మందుల సంగతి ఇంకా మొహమాటం లేకుండా కనిపిస్తుంది: 1975 నుంచి 1999 దాకా మార్కెట్‌లోకి వచ్చిన 1,393 కొత్త మందుల్లో ఉష్ణమండల జబ్బులకూ క్షయకూ కలిపి వచ్చినవి 16.

అన్యాయం ఉందని తేలింది సరే, మరి దేనికి ముందు డబ్బివ్వాలి? కొలవడానికి ఒక గజంబద్ద కావాలి. 1993లో ప్రపంచ బ్యాంకు నివేదికతో అది ‘డాలీ’ రూపంలో వచ్చింది. ఒక జబ్బు వల్ల మనిషి ముందే చనిపోయి పోగొట్టుకున్న ఏళ్లు, వైకల్యంతో గడిపిన ఏళ్లు కలిపితే వచ్చే మొత్తమే డాలీ. మొదట్లో దీనిలో ఒక చిక్కు ఉండేది. పసిపిల్లల ఏళ్లకూ ముసలివాళ్ల ఏళ్లకూ తక్కువ విలువ, నడివయసు ఏళ్లకు ఎక్కువ విలువ కట్టారు. విమర్శలు తట్టుకోలేక 2010 సంవత్సరపు అంచనాల నాటికి ఆ పద్ధతి మానేశారు. రెండో చిక్కు మన దగ్గర ఇప్పటికీ ఉంది. ఇంట్లో పోయిన మనిషి మరణకారణాన్ని డాక్టరు రాయడు. తర్వాతెప్పుడో కుటుంబసభ్యులను అడిగి ఊహించాలి. ముడిలెక్క అలాంటిదైతే జాబితా గట్టిగా ఎలా ఉంటుంది?

అసలు భారం ఎక్కువున్న ప్రతి జబ్బుకూ కొత్త పరిశోధనే కావాలన్న లెక్కా లేదు. ఫ్లోరోసిస్‌నే తీసుకోండి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోతున్న మనుషుల గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది, దోషం తాగేనీటి ఫ్లోరైడ్‌దని కూడా. నీటిలో పటిక, సున్నం కలిపి, మడ్డిని అడుగున పేరుకోనిచ్చి, తేటను వడగట్టే ‘నల్గొండ పద్ధతి’ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరీ’ రూపొందించింది. ఆ తర్వాతి తలనొప్పులన్నీ వేరే రకం. ఫ్లోరైడ్, నీటి క్షారత మారితే పటిక మోతాదు మారుతుంది, అంటే బావిబావికీ వేరు లెక్క. పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలి? రోజూ ఎవరు కలపాలి? వీటికి జవాబు ప్రయోగశాలలో దొరకదు, పంచాయతీలో వెతకాలి. నిధులిచ్చేవాళ్లకు ఇలాంటి ప్రశ్నలు ఆకర్షణీయంగా కనిపించవు.

ఆ అనాకర్షణకు 2007లో ఒక కొలత దొరికింది. పిల్లల మరణాలపై రెండు పెద్ద అమెరికన్ నిధుల సంస్థలు ఇచ్చిన గ్రాంట్లను పరిశీలిస్తే 97 శాతం కొత్త సాంకేతికతలకే పోయాయి. అవన్నీ ఫలించినా మరణాలు 22 శాతం తగ్గుతాయి. చేతిలో ఉన్నవాటిని అందరికీ అందిస్తే దానికి దాదాపు మూడు రెట్లు.

సుమారు అదే కాలంలో పిల్లల ఆరోగ్యం, పోషణ పరిశోధనల కోసం సీహెచ్‌ఎన్‌ఆర్‌ఐ అనే మార్కుల పద్ధతి వచ్చింది. నిపుణులు పంపిన ప్రశ్నలను వడపోసి, ఒక్కో దాన్నీ ఐదు ప్రమాణాలపై తూస్తారు: జవాబు దొరుకుతుందా, ఫలితం పనిచేస్తుందా, జనానికి అందించగలమా, భారం ఎంత తగ్గుతుంది, పేదలకు న్యాయం జరుగుతుందా. అవునంటే 1, కాదంటే 0, ఎటూ తేల్చుకోలేకపోతే 0.5, విషయం తెలియకపోతే ఖాళీ. ఒక ప్రమాణంపై 20 మందిలో 12 మంది అవుననీ, ఇద్దరు కాదనీ, ఇద్దరు తేల్చుకోలేమనీ అని, నలుగురు ఖాళీగా వదిలేస్తే 13ను 16తో భాగించాలి, 81 శాతం. 20తో భాగిస్తే 65కు పడిపోతుంది, ర్యాంకంతా తారుమారు. కొత్తగా చేసేవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. ఇంకో బలహీనత ప్రశ్న రాసే తీరులో ఉంది. ‘గ్రామాల్లో టీకాలను ఎలా మెరుగుపరచాలి’ వంటి వదులు ప్రశ్నకు కాదనేవాడు ఉండడు, అది పైకెక్కి కూర్చుంటుంది.

తల్లీబిడ్డల ఆరోగ్యం, పోషణలపై 2016-2025కు మన దేశం జాబితా వేసుకున్నప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ ఈ పద్ధతినే సవరించి వాడాయి. అంతకుముందు ఇలాంటివి పెద్ద నగరాల్లోని గుప్పెడు మంది తేల్చేవారు. ఈసారి 498 మంది ఆలోచనలు పంపారు, 893 మంది మార్కులు వేశారు. పైపది అంశాల్లో దాదాపు 70 శాతం అందజేతకు, అంటే సేవలను జనానికి చేర్చడానికి సంబంధించినవే వచ్చాయి. ఇంకా ముఖ్యం, దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల జాబితా ఒకలా, ఉత్తరాదిది మరోలా, జాతీయ జాబితా ఇంకోలా ఉన్నాయి.

ఆ తేడా చిన్నది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణమేంటో ఇంకా తేలలేదు. కారణమే తెలియని జబ్బుకు ‘జవాబు దొరుకుతుందా’ అన్న గడిలో మంచి మార్కులు పడవు. దేశం మొత్తం డాలీల్లో కొన్ని మండలాల బాధ కలిసిపోతుంది. ఇలాంటివి మార్కుల పట్టికలో గెలిచి రావు, వాటికి విడిగా నిధి పక్కన పెట్టాల్సిందే.

రోగిని బల్ల దగ్గర కూర్చోబెట్టింది బ్రిటన్‌లో 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్. రోగులు, సంరక్షకులు, వైద్యుల నుంచి ప్రశ్నలు సేకరిస్తారు. ఇప్పటికే జవాబున్నవాటిని తీసేస్తారు. మిగిలినవాటిని ఓటింగ్‌తో కుదించి, చివరి సమావేశంలో ముఖాముఖి చర్చించి పదికి దించుతారు. అలా వచ్చిన జాబితాల్లోని చికిత్సల్లో మందులు, టీకాల వాటా 18 శాతమేనని 2015లో తేలింది. బ్రిటన్‌లో నమోదైన ట్రయల్స్‌లో చూస్తే అదే వాటా కంపెనీలు చేసినవాటిలో 86 శాతం, కంపెనీయేతరులు చేసినవాటిలో 37 శాతం. కంపెనీ తన డబ్బుతో దేన్ని పరీక్షించాలో ఏ జాబితా శాసించదు. జాబితాతో కదిలించగలిగేది ఆ 37నే.