చెంగల్వ కోష్టుకు కాపలా ఎందుకొచ్చింది?

సున్నిపిండిలోకి కచ్చూరాలు, బావంచాలతో పాటు చెంగల్వ కోష్టు కూడా కొనే ఇళ్లు మనకు ఇంకా ఉన్నాయి. పొట్లంలో వచ్చే ఆ బూడిదరంగు వేరుముక్క వాసన చేతికి అంటితే ఒక పట్టాన వదలదు. మొక్క మాత్రం మన వైపుది కాదు. కశ్మీర్, హిమాచల్ కొండల్లో 2,500 మీటర్లు దాటాక పెరిగే బహువార్షికం. అక్కడ కుఠ్ అంటారు. పొద్దుతిరుగుడు కుటుంబమే అయినా పసుపు రేకులుండవు. మనిషెత్తు కాడ, కొసన ముదురు ఊదా పూల గుత్తి, అంతే.

దీని బేరం చాలా పాతది. 1వ శతాబ్దపు గ్రీకు వర్తక గ్రంథం 'పెరిప్లస్' సింధు ముఖద్వారం దగ్గరి రేవులోనూ, భరుకచ్ఛంలోనూ (ఇప్పటి గుజరాత్ భరూచ్) ఓడలెక్కే సరుకుల్లో దీన్ని చెప్పింది. చైనావాళ్లు ధూపానికీ మందుకూ కొన్నారు. కశ్మీరులో శాలువాలకు పురుగు పట్టకుండా మడతల్లో పెట్టారు. ఇంత గిరాకీ ఉన్నా, ఆ వేరు ఏ మొక్కదో ఐరోపావాళ్లకు 19వ శతాబ్దంలో వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూ ఫాల్కనర్ కశ్మీరులో చూసి చెప్పేదాకా తేలలేదు. ఆయన దానికి గవర్నర్ జనరల్ ఆక్లండ్ పేరు తగిలించాడు. దొరల మర్యాదలు అలాంటివి.

చిక్కంతా వేరుతోనే. ఆకో పువ్వో కోసుకుంటే మొక్క మిగులుతుంది, వేరు తవ్వితే ఏముంటుంది? గింజ రాలకముందే తవ్వితే మరుసటి తరమూ పోయినట్టే. కశ్మీర్ సంస్థానం 1921లో కుఠ్ చట్టమే చేసింది గానీ, అది మొక్క కంటే ఖజానాను ఎక్కువ కాపాడిందనడమే న్యాయం. దాదాపు అదే కాలంలో హిమాచల్‌లోని లాహౌల్ రైతులు దీన్ని పొలాల్లో వేసి నాలుగు డబ్బులు చూశారు. తర్వాత చైనా యున్నాన్‌లో సొంతంగా పండించుకోసాగింది. ఇక్కడ ధర పడిపోయింది, రైతులు బంగాళాదుంప, బఠాణీల వైపు మళ్లారు.

అంతరించే ముప్పున్న జీవుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం దీన్ని 1975లో రెండో అనుబంధంలోకి, 1985లో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలోకి తెచ్చింది. 1991 సవరణతో మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ మొక్కల జాబితా చేరింది. అప్పట్లో అందులో ఉన్నవి ఆరే పేర్లు: కుఠ్ ఒకటి, శేషాచలం కొండల సైకస్ బెడ్డోమై ఇంకొకటి. అడవిలో తవ్వితే నేరం. సాగుకూ అమ్మకానికీ లైసెన్సు తప్పనిసరి.

అయితే పొలంలో పండిన వేరూ, కొండ మీద దొంగచాటుగా తవ్విన వేరూ ఎండి ముక్కలయ్యాక సంచిలో ఒకేలా కనిపిస్తాయి. కాగితాల చుట్టూ తిరగాల్సింది మాత్రం పండించిన రైతే.