చిరునామా లేని ఫిర్యాదు

బెంగళూరులో సాయంత్రం ఆఫీసు నుంచి మా ఇల్లున్న మారతహళ్లి చేరడానికి నాకు గంటన్నర పడుతుంది. దూరం పదకొండు కిలోమీటర్లే. ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సు నత్తనడక నడిచే ఆ సమయంలో, నెల్లూరులో ఉన్న అమ్మకు ఫోను చేసేదాన్ని. ట్రాఫిక్‌తో మొదలుపెట్టి ట్యాంకరు నీళ్ల ధర, పెరిగిన ఇంటి అద్దె, ఆఫీసులో తెగని మీటింగులు... దిగే స్టాపు వచ్చేదాకా ఏకరువు పెట్టేదాన్ని. ఒకరోజు అమ్మ అంతా విని, "ఆ ఊళ్లో నీకు బాగున్నది ఒక్కటీ లేదా తల్లీ?" అని అడిగింది. ఆ గొంతులో భయం ఉంది. నేనిక్కడ నానా అవస్థలు పడుతున్నానని ఆమె నమ్మేసింది. నిజానికి ఆ వారం నాకు హాయిగానే గడిచింది. చెప్పినవాటిలో ఒక్క అబద్ధమూ లేదు. అయినా నా జీవితం గురించి అమ్మ దగ్గర ఒక పెద్ద అబద్ధం పోగుపడింది.

చెడు మన మనసు మీద మంచికన్నా బలంగా ముద్ర వేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బామీస్టర్, ఆయన సహచరులు 2001లో ఎన్నో పరిశోధనలను సమీక్షించి చెప్పారు. పొదలో పండు కనపడకపోతే ఒక పూట ఆకలి, పాము కనపడకపోతే ప్రాణమే పోతుంది. అందుకే మన పూర్వీకుల మెదడు పామును వెతకడం ముందు నేర్చుకుందని వారి వివరణ. మా ఊరి నీళ్ల సంగతే చూడండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కావేరి నీటిని మండ్య జిల్లాలోని తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరం, సుమారు 500 మీటర్ల ఎత్తు పంపులతో ఎక్కించి తెస్తారు. కుళాయి తిప్పగానే నీళ్లు పడిన రోజు ఈ సంగతి ఎవరి నోటా రాదు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు మా అపార్టుమెంటులో వేరే మాటే లేదు. ఆ బాధ న్యాయమైనదే. వానలు పడి నీళ్లు వచ్చాక కూడా మేము అదే మాట్లాడుకుంటూ ఉండడమే నన్ను ఆలోచనలో పడేసింది.

కడుపులో ఉన్నది కక్కేస్తే భారం దిగుతుందని మనందరి నమ్మకం. బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో దీన్ని పరీక్షించాడు. విద్యార్థులు రాసిన వ్యాసాలను ఎవరో ఘోరంగా తిట్టినట్టు చూపించి వారికి కోపం తెప్పించాడు. కొందరిని తిట్టినవాణ్ణి తలుచుకుంటూ బాక్సర్లు సాధన చేసే సంచిని గుద్దమన్నాడు. కొందరిని వ్యాయామం గురించి ఆలోచిస్తూ గుద్దమన్నాడు. మిగిలినవారిని ఏమీ చేయకుండా ఊరికే కూర్చోమన్నాడు. తిట్టినవాణ్ణి తలుచుకుంటూ గుద్దినవారి కోపమే అందరికన్నా ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవారిలో తిరిగి దెబ్బ తీయాలన్న ధోరణి అందరికన్నా తక్కువగా కనిపించింది.

దీనికన్నా నన్ను ఎక్కువగా కదిలించింది మరో మనస్తత్వ శాస్త్రవేత్త సూజన్ నోలెన్-హోక్సెమా పని. ఆమె అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత, బాధ కలిగినప్పుడు ఎలా ఆలోచిస్తారో ఒక ప్రశ్నపత్రంలో రాయించింది. రెండు వారాలకు, 1989 అక్టోబరు 17న, ఆ ప్రాంతాన్ని లోమా ప్రియేటా భూకంపం కుదిపేసింది. ముందటి జవాబులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఆమె పది రోజులకు, మళ్లీ ఏడు వారాలకు అదే విద్యార్థులను పలకరించింది. భూకంపంలో ఎక్కువ ప్రమాదం ఎదుర్కొన్నవారు పది రోజులప్పుడు ఎక్కువగా కుంగి ఉన్నారు. జరిగినదాన్నే తిప్పి తిప్పి తలుచుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవారిలో మాత్రం ఆ కుంగుబాటు ఏడు వారాలకూ కనిపించింది. నేల కంపించింది కొన్ని సెకన్లే. మిగతాది వారి మనసుల్లో సాగింది.

ఇద్దరు కూర్చుని ఇలా తిప్పి తిప్పి మాట్లాడుకుంటే? అమాండా రోజ్ అనే పరిశోధకురాలు 2002లో పిల్లల స్నేహాలను గమనించి చెప్పింది ఇది: కష్టాలనే పదేపదే కలబోసుకునే స్నేహితులు ఒకరికొకరు బాగా దగ్గరవుతారు, వారిలో దిగులూ ఎక్కువగా ఉంటుంది. ఇది చదివినప్పుడు మా లిఫ్టు గుర్తొచ్చింది. పరాయి భాష ఊళ్లో తెలుగు మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది. "మీరూ తెలుగువాళ్లేనా? మీ బ్లాకులో నీళ్లు వస్తున్నాయా?" అన్న రెండో ప్రశ్నతోనే మా స్నేహాలన్నీ మొదలయ్యాయి. వాటి మీద నాకు ప్రేమ ఉంది. అందుకే ఫిర్యాదు మానేయండి అని ఎవరైనా తేలిగ్గా అంటే ఒప్పుకోలేను. మనుషులు దగ్గరయ్యే దారిని మూసేయమంటే ఎలా?

తెలుగులో వీటికి వేర్వేరు పేర్లున్నాయి. తీర్చగలిగినవారితో చెప్పేది ఫిర్యాదు. అయినవాళ్ల దగ్గర మనసు నొచ్చి అనేది నిష్ఠూరం. వినే గుండె ముందు వెళ్లబోసుకునేది గోడు. ఈ మూడింటికీ ఎదుట ఒక మనిషి ఉన్నాడు. సణుగుడుకు ఎవరూ లేరు, అది చిరునామా రాయని ఉత్తరం. నేను మానుకోవాలనుకున్నది దాన్నే.

ఇరవై ఒక్క రోజులు పట్టుదలగా ఉంటే అలవాటు మారుతుందని చాలామంది చెబుతారు. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి వచ్చింది. శస్త్రచికిత్స తరువాత కొత్త ముఖానికి అలవాటుపడడానికి తన రోగులకు కనీసం అన్ని రోజులు పట్టేదని ఆయన గమనించాడు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన లెక్క వేరు: కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. ఆ చివరి మాట నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చెప్పిన ఉపాయం సులువైనది. "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ముందే మాట కట్టుకోవాలి. నేను కట్టుకున్న మాట ఇది: సణుగుడు నోటిదాకా వస్తే, "దీన్ని ఎవరికి చెబితే పని జరుగుతుంది?" అని అడుగుతాను. మా అపార్టుమెంటులో నీళ్లు ఏయే రోజుల్లో ఎన్ని గంటలకు ఆగాయో రెండు వారాలు నోటుపుస్తకంలో రాసి కమిటీకి ఇచ్చాను. మూడో బ్లాకు వాల్వు పాడైందని ఆ కాగితంతోనే బయటపడింది. నాలుగు నెలలు లిఫ్టులో మాట్లాడుకున్నా తెలియని సంగతి అది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జీతం ఎగ్గొట్టిన యజమాని గురించి, చేయి చేసుకునే భర్త గురించి చెప్పడం సణుగుడు కాదు. అలాంటి చోట "సర్దుకుపో" అనడం అన్యాయానికి కాపలా కాయడమే. ఏదీ బాగా అనిపించని దిగులు వారాల తరబడి వదలకపోతే అదీ అలవాటు కాదు, వైద్యం కావలసిన బాధ. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న ఆదివారం అమ్మే ఫోను చేసింది. మోకాలు నొప్పి, మెట్లు ఎక్కలేకపోతున్నానంది. నేను వెంటనే, "డాక్టరుకు చూపించుకున్నావా? ఏమన్నాడు? మందులు వేసుకుంటున్నావా?" అని వరుసగా అడిగాను. "అన్నీ అయ్యాయి తల్లీ. ఊరికే నీతో చెప్పుకుందామని చేశాను" అంది. బస్సు కిటికీ పక్క సీటులో ఉన్నదాన్ని, ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని, "సరే, చెప్పమ్మా" అన్నాను.