ముఖం లేని మనిషి ఎందుకంత భయపెట్టాడు?

చిరంజీవులు శ్రావ్యకు, బుజ్జికి, వాళ్ళ స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

శ్రావ్యా, నీ ఉత్తరం అందింది. "సినిమాల్లో ఎంత రక్తం చూపించినా నాకేమీ అనిపించదు. ఈ జపాను దయ్యాల పుస్తకంలో రెండు మూడు పేజీల కథ ఒకటి చదివాక మాత్రం రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. అందులో ఎవరూ చావరు, ఎవరినీ ఎవరూ కొట్టరు. మరి ఎందుకంత భయం వేసింది తాతయ్యా?" అని అడిగావు. ఈ ప్రశ్న మీ తోటివాళ్ళందరికీ పనికొస్తుంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

నువ్వు చదివింది లఫ్కాడియో హెర్న్ రాసిన 'క్వైదాన్'. 1904లో అచ్చయింది. అందులో 17 కథలు, చివర సీతాకోకచిలుకల మీద, దోమల మీద, చీమల మీద మూడు వ్యాసాలు ఉంటాయి. దయ్యాల పుస్తకంలో చీమలేమిటని వదిలేయకు, అవీ చదువు. హెర్న్ 1850లో ఒక గ్రీకు దీవిలో పుట్టి, ఐర్లండులో పెరిగాడు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. అమెరికాలో పత్రికా విలేకరిగా పనిచేసి, 1890లో జపాను చేరి, అక్కడ మాత్సుయే అనే ఊళ్ళో పంతులుద్యోగం చేశాడు. కొయిజుమి సెత్సు అనే ఆవిడను పెళ్ళి చేసుకుని, ఆ దేశ పౌరుడై, కొయిజుమి యాకుమో అని పేరు మార్చుకున్నాడు. ఈ పుస్తకం వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో కన్నుమూశాడు.

ఈ కథల్లో సగం పుణ్యం సెత్సుదే అంటాను నేను. పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి కథలు తెచ్చింది ఆవిడే. రాత్రిపూట దీపం బాగా తగ్గించి భర్తకు చెప్పేది. పుస్తకం చేతిలో పట్టుకుని చదివితే హెర్న్ ఒప్పుకునేవాడు కాదు. నీ మాటల్లో, నీకు తోచినట్టు చెప్పాలి అనేవాడు. ఏదైనా చోట కథ పట్టుకుందంటే అతని మొహం పాలిపోయేది. అక్కడే ఆపి, ఆ ఒక్క మాట మళ్ళీ చెప్పించుకునేవాడు: ఏ గొంతుతో అని ఉంటుంది, ఆ రాత్రి బయట చప్పుళ్ళు ఎలా ఉండి ఉంటాయి? ఒక కథలో ఒక యోధుడు "తలుపు తియ్యండి" అని కేకేయాలి. మామూలుగా వాడే జపాను మాటలో బలం చాలలేదని, ఇద్దరూ కూర్చుని వెతికి మరో గట్టి మాట పెట్టారు. ఆ కథ రాస్తున్న రోజుల్లో చీకటి పడ్డా హెర్న్ దీపం వెలిగించలేదట. సెత్సు పక్క గదిలోంచి మెల్లగా కథలోని గుడ్డి గాయకుణ్ణి పేరు పెట్టి పిలిస్తే, "నేను గుడ్డివాణ్ణి, తమరెవరు?" అని లోపలినుంచి జవాబొచ్చేది. ఇవన్నీ సెత్సు తన జ్ఞాపకాల్లో రాసుకుంది.

ఇక నీ ప్రశ్న. రేపు పొద్దున అమ్మ పాలు కాచేటప్పుడు పొయ్యి దగ్గర నిలబడి చూడు. మంట పెద్దది పెడితే పాలు అడుగంటుతాయి, మాడు వాసన వస్తుంది. సన్న సెగ మీద పెడితే చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. పైన పల్చగా మీగడ కడుతుంది. అడుగున పుట్టిన ఆవిరి పైకి వచ్చి ఆ పొర కింద చిక్కుకుంటుంది. బయటికి దారి లేక చివరికి ఆ పొరనే ఎత్తుకుంటూ పైకి లేస్తుంది. ఉట్టి నీళ్ళు అలా పొంగవు, ఎందుకంటే వాటి మీద పొర లేదు. పాలు అంచుదాకా వచ్చిన క్షణంలో గిన్నె దించేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పొయ్యి మీద పాలే, గిన్నెలో పాలు ఉండవు.

భయం కథకు కూడా సన్న సెగ కావాలి, పొర కావాలి, సమయానికి దించే చెయ్యి కావాలి. నిన్ను భయపెట్టిన 'ముజినా' కథనే తీసుకో. (ముజినా అంటే రూపాలు మార్చి మనుషుల్ని భ్రమపెడుతుందని జపానువాళ్ళు చెప్పుకునే ఒక జంతువు.) మొదట హెర్న్ ఒక రోడ్డు చూపిస్తాడు. టోక్యోలో అకాసకా పేట, అక్కడ ఒక ఎత్తు, ఒక పక్క లోతైన పాత కందకం, రెండో పక్క పొడుగాటి రాజభవనం గోడలు. వీధి దీపాలు లేని కాలంలో పొద్దుపోయాక అటువైపు ఎవరూ వెళ్ళేవారు కాదు. ఇదంతా ఎవరో దారి చెబుతున్నట్టు మామూలుగా ఉంటుంది. ఇదే మీగడ పొర. ఒక ముసలి వర్తకుడు ఆ దారిన పోతూ, కందకం గట్టున ముడుచుకుని ఏడుస్తున్న ఆడమనిషిని చూస్తాడు. మంచివాడు కనుక ఆగుతాడు. అమ్మా ఏడవకు, ఏం కష్టం వచ్చిందో చెప్పు అని ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. ఆమె లేస్తుంది, తిరుగుతుంది, మొహానికి అడ్డం పెట్టుకున్న పొడుగాటి అంగీ చేతిని దించి, అరచేత్తో మొహం తడుముకుంటుంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు.

ఇక్కడ కథ అయిపోయి ఉంటే నువ్వు పెరట్లోకి వెళ్ళి ఉండేదానివే. వర్తకుడు పరిగెత్తుతాడు. దూరంగా మిణుగురంత వెలుగు కనిపిస్తుంది. అది రోడ్డు పక్కన నూడుల్స్ అమ్ముకునేవాడి లాంతరు. నీ ప్రాణం కుదుటపడుతుంది, అంటే ఇప్పుడు హెర్న్ సెగ తగ్గించాడు. అమ్మేవాడు విసుగ్గానే అడుగుతాడు: ఎవరైనా కొట్టారా? దొంగలా? కాదు, ఒక ఆడమనిషి, ఆమె నాకు చూపించింది, ఏం చూపించిందో చెప్పలేను అని వర్తకుడు ఆయాసపడతాడు. "ఇలాంటిదేనా?" అంటూ అమ్మేవాడు తన మొహం తడుముకుంటాడు. అది కోడిగుడ్డులా నున్నగా అయిపోతుంది. అదే క్షణంలో లాంతరు ఆరిపోతుంది. కథ అంతే. గిన్నె దించేశాడు.

ఆ రెండో తడుముడే నీ కాళ్ళు కట్టేసింది. మొదటిసారి అది ఒక వింత. రెండోసారి వచ్చేసరికి, పరిగెత్తి చేరుకున్న చోటు కూడా మనది కాదని తేలింది. వర్తకుడు ఏమయ్యాడో, అతణ్ణి ఇంటికి ఎవరు చేర్చారో హెర్న్ చెప్పడు. అలా చేసేవి ముజినాలని కథ మొదట్లోనే అనేశాడు కాబట్టి, చివర మళ్ళీ ఒక్క ముక్క విడమరచలేదు. విడమరిస్తే ఆ క్షణంలోనే భయం పోతుంది.

పెద్ద గిన్నెలో పాలు పొంగడానికి ఎక్కువసేపు పడుతుంది. 'చెవులు లేని హోయిచి' అలాంటి కథ. 1185లో దన్-నో-ఉరా దగ్గర సముద్రంలో జరిగిన యుద్ధంలో హైకే అనే యోధుల వంశం ఓడిపోయి, పసివాడైన చక్రవర్తి అంతోకుతో సహా చాలామంది నీళ్ళపాలయ్యారు. ఆ యుద్ధగాథను బివా అనే తంత్రీవాద్యం మీద పాడే గుడ్డి గాయకుడు హోయిచి. ఒక రాత్రి ఎవరో యోధుడు వచ్చి, మా ప్రభువుల దగ్గర పాడాలి రమ్మని తీసుకెళ్తాడు. హోయిచికి కళ్ళు లేవు గనుక మనకూ చప్పుళ్ళే అందుతాయి: ఇనుములాంటి పట్టు, నడుస్తుంటే కవచం గలగల, పట్టుబట్టల సరసర. అతను పాడుతున్నది రాజభవనంలో కాదు, వాన కురుస్తున్న శ్మశానంలో, అంతోకు సమాధి ముందు. సంగతి తెలుసుకున్న గుడి పూజారి, ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం అనే బౌద్ధ పాఠాన్ని అతని ఒళ్ళంతా రాయిస్తాడు. (మన నాగార్జునాచార్యుడి పేరుతో ముడిపడ్డ ప్రజ్ఞాపారమితా గ్రంథాల కోవలోదే ఆ సూత్రం.) కదలకుండా, పలకకుండా కూర్చుంటే దయ్యానికి కనపడడు. చెవుల మీద రాయడం మరిచిపోయారు. దయ్యం వస్తుంది. దానికి గాలిలో బివా ఒకటి, రెండు చెవులు కనిపిస్తాయి. కథంతా ఏ చెవులతో విన్నామో ఆ చెవులనే పీకుకుపోతుంది. హోయిచి కిక్కురుమనడు. ఒక్క అరుపు పెట్టించి ఉంటే హెర్న్ ఆ పేజీని పాడుచేసుకునేవాడు.

మా చిన్నతనంలో వేసవి రాత్రుళ్ళు ఆరుబయట నులకమంచాలు వేసుకుని పెద్దవాళ్ళు కొరివిదయ్యాల కథలు చెప్పేవారు. అవి ఎక్కడో జరిగినట్టు చెప్పేవారు కాదు. మన చెరువుగట్టు, మన చింతతోపు, ఫలానా దిగుడుబావి. పొర కట్టడం వాళ్ళకు బాగా తెలుసు. చందమామలో బేతాళ కథలు కూడా శ్మశానంలో, భుజాన శవంతోనే మొదలయ్యేవి. అయినా అవి చదివి హాయిగా నిద్రపోయేవాళ్ళం. ఎందుకంటే మొదటి నాలుగు వాక్యాలు ప్రతిసారీ అవే, చివర శవం మళ్ళీ చెట్టెక్కడం అదే. ముందే తెలిసిన చోట భయానికి చోటు లేదు. అక్కడ మిగిలేది చిక్కుముడి, దాన్ని విప్పడంలో సరదా.

పుస్తకాన్ని వరసగా చదవకండి. ముందు ముజినా, తరువాత మంచుకన్య కథ యుకి-ఒన్నా, ఆపైన హోయిచి. శవాన్ని తినే ప్రేతం ఉన్న 'జికినింకి', తలలు ఊడి ఎగిరే 'రొకురోకుబి' ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు. బుజ్జీ, నువ్వయితే తప్పకుండా ఆగాలి. ఏ కథైనా మొదట పగలే చదవండి. రాత్రి పడక మీద చదివితే ఆ పడకే భయపెట్టడం మొదలుపెడుతుంది. భయపడ్డ చిన్నవాణ్ణి వెక్కిరించకూడదు, మళ్ళీ భయపెట్టకూడదు. అలా చేస్తే వాడు కథలకే దూరమవుతాడు.

చదవడంతో ఆగకండి, చెప్పి చూడండి. జపానులో పూర్వం వంద కథల ఆట ఉండేది. 1666లో అసాయి ర్యోయి అనే ఆయన దాన్ని ఎలా ఆడాలో రాశాడు: చంద్రుడు లేని రాత్రి, నీలం కాగితం అంటించిన దీపం, అందులో వంద వత్తులు. ఒక్కో కథ అయ్యాక ఒక్కో వత్తి ఆర్పాలి. గది కొంచెం కొంచెంగా చీకటిలోకి జారుతుంది. నూరో కథ అయితే నిజంగానే ఏదో వస్తుందని, చాలామంది 99 దగ్గర ఆపేసేవారట.

మీకు ఏడు చాలు. వచ్చే అమావాస్యకు పెద్దవాళ్ళలో ఒకరిని కూర్చోబెట్టుకుని, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో ఏడు ప్రమిదలు ఎడంగా పెట్టండి. ఒక్కో దానిలో ఒకే వత్తి, సగానికి నువ్వుల నూనె. ఫ్యాను ఆపండి, కర్టెన్లు దూరంగా జరిపి కట్టండి, చున్నీలు ముడి వేసుకోండి. దీపం నోటితో ఊదకండి, వేడినూనె చిందుతుంది. వత్తి కొసను చిన్న పుల్లతో నూనెలోకి లాగితే పొగ కూడా రాకుండా ఆరిపోతుంది. నూనె మంట మీద నీళ్ళు మాత్రం ఎప్పుడూ పోయవద్దు. మూతపెట్టే పెద్ద గిన్నె ఒకటి పక్కన ఉంచుకోండి.

ఒక్కో కథ ఐదు నిమిషాలు దాటకూడదు. అందరికంటే చిన్నవాడు మొదట చెప్పాలి. బాగా భయపెట్టే కథ ఆరోది కావాలి, ఏడోది కాదు. ఒక్క దీపమే మిగిలినప్పుడు ఎంత చిన్న కథైనా దానంతటదే భయపెడుతుంది. దయ్యం పళ్ళు, గోళ్ళు, జుట్టు వర్ణించకండి. వినేవాడు తన మనసులో తనకు కావలసినంత దయ్యాన్ని తనే తయారుచేసుకుంటాడు, మీరు వర్ణిస్తే అది మీ దయ్యమంతే అవుతుంది. గొంతు పెంచకండి. భయపడే చోట ఇంకా మెల్లగా చెబితే, వినడానికి అందరూ దగ్గరకు జరుగుతారు. ఆఖరి మాట అన్నాక, "భయమేసిందా?" అని అడగకండి. పుల్ల తీసి వత్తి ఆర్పండి.

ఆ రాత్రి అందరూ ఒకే గదిలో పడుకోండి. ఎవరు ఏ కథ చెప్పారో, ఏ మాట దగ్గర ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో నాకు వివరంగా రాయండి. శ్రావ్యా, ఏడో కథ నువ్వే చెప్పు.

మీ
తాతయ్య