డిగ్రీ తరగతిలో కోడింగ్: అధ్యాపకుల అపోహలు, వాస్తవాలు

డిగ్రీ కళాశాలల అధ్యాపకులు తమ పాఠాలలో కంప్యూటర్ గణనను, కోడింగ్‌ను చేర్చుకునేందుకు తోడ్పడడం కొన్నేళ్లుగా నా పని. భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం, వృక్షశాస్త్రం బోధించేవారి పక్కన కూర్చొని, వారి సిలబస్‌లోని ఒక అధ్యాయాన్ని తీసుకొని, అందులో కంప్యూటర్ నిజంగా ఎక్కడ అక్కరకు వస్తుందో కలిసి వెతుకుతాం. ఈ పనిలో నాకు ఎదురయ్యే అభ్యంతరాలు బద్ధకం వల్ల పుట్టినవి కావు, పాఠం చెడిపోతుందేమోనన్న బాధ్యత వల్ల పుట్టినవి. అందుకే వాటిని కొట్టిపారేయకుండా ఒక్కొక్కటిగా పరిశీలించాలనుకుంటున్నాను.

అపోహ: ముందు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొత్తం నేర్చుకోవాలి, ఆ తరువాతే తరగతిలోకి తీసుకువెళ్లాలి.

ఈ అపోహను పెంచి పోషించినవారిలో శిక్షకులమైన మేమూ ఉన్నాం. నేను మొదట్లో నిర్వహించిన ఐదు రోజుల శిక్షణలో వేరియబుల్స్‌తో మొదలుపెట్టి లిస్టులు, ఫంక్షన్లు, క్లాసుల వరకు వరుసగా చెప్పుకుంటూ పోయాను. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు, సర్టిఫికెట్లు తీసుకున్నారు. తరువాతి సెమిస్టర్‌లో వాకబు చేస్తే, వారిలో ఒక్కరు కూడా ఆ చదువును తరగతిలో ఉపయోగించలేదని తెలిసింది. తప్పు వారిది కాదు. నేను వారికి ఒక భాషను ఇచ్చాను గానీ, ఆ భాషలో అడగదగిన ప్రశ్నను ఇవ్వలేదు.

ఇప్పుడు ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. లఘులోలకం లేని భౌతికశాస్త్ర ప్రయోగశాల ఉండదు. కోణం చిన్నదిగా ఉండాలని రికార్డులో రాయిస్తాం. పెద్దదైతే ఏమవుతుందని ఎవరైనా అడిగితే, అప్పుడు ఆవర్తన కాలం (ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం) సూత్రం వర్తించదని చెప్పి ముందుకు సాగిపోతాం, ఎందుకంటే ఆ సమీకరణం డిగ్రీ విద్యార్థికి తెలిసిన సాధారణ ప్రమేయాలకు లొంగదు. అదే చలనాన్ని సెకనులో వందోవంతు చొప్పున చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి, ప్రతి అడుగులోనూ త్వరణం నుంచి వేగాన్ని, వేగం నుంచి కోణాన్ని లెక్కించమంటే పదిహేను వరుసల ప్రోగ్రాం చాలు. ఒక మీటరు పొడవున్న లోలకానికి చిన్న కోణంలో ఆవర్తన కాలం 2.01 సెకన్లు, 60 డిగ్రీల నుంచి వదిలితే 2.15 సెకన్లు; 90 డిగ్రీల నుంచి వదిలితే 2.37 సెకన్లు. 60 డిగ్రీల దగ్గర ఐదు డోలనాలకు వచ్చే తేడా సుమారు 0.7 సెకను కాబట్టి, అది స్టాప్‌వాచ్‌కు చిక్కుతుంది. ప్రోగ్రాం చెప్పిన అంకెను విద్యార్థి అదే బల్ల మీద దారంతో, గుండుతో సరిచూసుకోవచ్చు. దీనికంతటికీ అధ్యాపకుడికి తెలియవలసినవి వేరియబుల్ (ఒక విలువకు పెట్టే పేరు), లూప్ (ఒకే లెక్కను మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి), గ్రాఫు గీసే పద్ధతి మాత్రమే. మిగిలినదంతా ఆయన ఇరవై ఏళ్లుగా చెబుతున్న భౌతికశాస్త్రమే.

అపోహ: విద్యార్థుల ముందు ప్రోగ్రాం తప్పుగా వస్తే గౌరవం పోతుంది.

నాతో ఎవరూ బయటకు అనకపోయినా, దాదాపు అందరి మనసులోనూ ఉండే భయం ఇది. పై లోలకం ప్రోగ్రామే దీనికి సమాధానం చెబుతుంది. ప్రతి అడుగులోనూ పాత వేగంతోనే కొత్త కోణాన్ని లెక్కిస్తే, మొదట అందరూ రాసేదీ అలాగే, గ్రాఫులో ఊపు ఒక్కో డోలనానికి సుమారు పదోవంతు చొప్పున పెరుగుతూ పోతుంది. ఎవరూ తోయకుండానే లోలకం పైపైకి లేస్తుంది. ప్రోగ్రాం ఎర్రర్ ఏమీ చూపదు, కానీ శక్తి నిత్యత్వ నియమం తెలిసినవారు ఆ గ్రాఫును ఒప్పుకోరు. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో కోణాన్ని లెక్కిస్తే, అంటే రెండు వరుసల స్థానాలను తారుమారు చేస్తే, ఊపు నిలకడగా ఉంటుంది. ఈ పద్ధతి ఎందుకు నిలకడగా ఉంటుందో భౌతికశాస్త్రవేత్త అలన్ క్రోమర్ 1981లో ఒక వ్యాసంలో వివరించారు. ఒక హైస్కూలు విద్యార్థిని రాసిన ప్రోగ్రాములో ఆ వరుసలు తారుమారు కావడమే ఆయన దృష్టిని దానిమీదికి మళ్లించింది. నేను అధ్యాపకులను కోరేది ఏమిటంటే, ఈ తప్పును ముందుగా దిద్దుకొని తరగతికి వెళ్లవద్దు. విద్యార్థుల ఎదుటే టైపు చేయండి, రన్ చేసేముందు గ్రాఫు ఎలా వస్తుందో ప్రతి ఒక్కరినీ నోటు పుస్తకంలో గీయమనండి, తరువాత రన్ చేసి, వచ్చినదానికీ గీసినదానికీ తేడా ఎందుకో అడగండి.

శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పేందుకు 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శిక్షణలలోనూ స్లైడ్లు పెట్టుకోరు, శిక్షకుడు అందరి ఎదుట టైపు చేస్తుంటే నేర్చుకునేవారు వెంట టైపు చేస్తారు. ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటుకునే చీటీలు ఇస్తారు. పని పూర్తయితే ఒక రంగు, ఎక్కడైనా ఆగిపోతే మరో రంగు కంప్యూటర్ మీద అంటిస్తారు. మన తరగతులలో, చెయ్యెత్తి అడగడానికి మొహమాటపడే పిల్లలకు ఈ చీటీ ఎంత మేలు చేస్తుందో నేను కళ్లారా చూశాను.

అపోహ: సిలబస్ పూర్తి కాదు.

అదనంగా చేరిస్తే నిజంగానే పూర్తి కాదు. కాబట్టి చేర్చవద్దు, ఒకదాని స్థానంలో మరొకటి పెట్టండి. బోర్డు మీద గంటసేపు చేసే ఒక దీర్ఘమైన సూత్ర ఉత్పాదన (డెరివేషన్) స్థానంలో గానీ, చేతితో పట్టికలు నింపే ఒక ప్రాక్టికల్ స్థానంలో గానీ, సెమిస్టర్‌కు ఒక్కటి చాలు.

అపోహ: ఇది సైన్సు వాళ్ల వ్యవహారం.

అర్థశాస్త్ర అధ్యాపకులకు నేను చెప్పే సంఘటన ఒకటి ఉంది. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన అభివృద్ధి చెందిన దేశాలలో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ ఒక వ్యాసంలో చూపారు. ప్రభుత్వ వ్యయాన్ని కుదించాలని వాదించినవారు దాన్ని తరచూ ఉదహరించారు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో పరిశోధక విద్యార్థి అయిన థామస్ హెర్న్‌డన్ తన కోర్సులో ఇచ్చిన అభ్యాసంగా అదే ఫలితాన్ని మళ్లీ రాబట్టాలని చూశాడు, రాలేదు. రచయితల నుంచే ఎక్సెల్ షీటు తెప్పించుకొని చూస్తే, సగటు తీసే సూత్రంలో ఐదు దేశాల వరుసలు చేరనేలేదు. తాము ఎత్తిచూపిన ఇతర అంశాలనూ కలిపి సరిచేస్తే సగటు 2.2 శాతమని ఆయన, ఇద్దరు ఆచార్యులతో కలిసి 2013లో ప్రకటించాడు. షీటులో సూత్రం గడి వెనుక దాగి ఉంటుంది, కోడ్‌లో అది చదవదగిన వాక్యంలా కళ్లెదుట ఉంటుంది. ఈ తేడా చెప్పడానికి అధ్యాపకుడు ప్రోగ్రామర్ కానక్కరలేదు. జీవశాస్త్రానిదీ ఇటువంటి అనుభవమే: కొన్ని జన్యువుల సంక్షిప్త నామాలను ఎక్సెల్ దానంతటదే మార్చి నెల, సెప్టెంబర్ నెల తేదీలుగా మార్చేస్తుండడంతో చివరకు ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది.

అపోహ: మా కళాశాలలో అన్ని కంప్యూటర్లు లేవు.

ఈ ఇబ్బంది నిజమైనదే, కానీ పనిని ఆపేసేటంతటిది కాదు. ప్రోగ్రాములోని వరుసలను కాగితంమీద అచ్చువేసి, చీటీలుగా కత్తిరించి, కలగలిపి, ముగ్గురేసి విద్యార్థులకు ఒక కట్ట ఇవ్వండి. వాటిని సరైన క్రమంలో పేర్చడమే పని. 2006లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ ప్రతిపాదించిన ఈ అభ్యాసాన్ని పార్సన్స్ సమస్యలని పిలుస్తారు. లోలకం ప్రోగ్రామును ఇలా ఇచ్చినప్పుడు, వేగం చీటీ ముందా, కోణం చీటీ ముందా అని విద్యార్థులు వాదించుకున్న పావుగంటలో నేర్చుకున్నంత, ల్యాబ్‌లో రెండు గంటలు టైపు చేసినా నేర్చుకోరు. ఆ తరువాత అధ్యాపకుడి లాప్‌టాప్ ఒక్కటీ, ప్రొజెక్టరూ ఉంటే చాలు. ఇంటర్నెట్ ఉన్నచోట గూగుల్ కొలాబ్ అనే వెబ్ సేవలో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే బ్రౌజర్‌లో నడిపించవచ్చు.

అపోహ: తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు కోడింగ్ అందుకోలేరు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పైథాన్ 3లో వేరియబుల్‌కు వేగం, కోణం, కాలం అని తెలుగు లిపిలోనే పేరు పెట్టవచ్చు, వివరణలు తెలుగులోనే రాయవచ్చు. ఆంగ్లంలో మిగిలేవి ఫర్, ఇఫ్, ప్రింట్ వంటి కొద్దిపాటి మాటలే. మొదటి రెండు తరగతులు ఇలా నడిపి, తరువాత ఆంగ్ల అక్షరాలకు మారడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రేపు ఇతరులు రాసిన కోడ్‌ను కూడా వారు చదవాలి. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో పది నిమిషాల చిన్న పాఠాలు తెలుగు వ్యాఖ్యానంతోనూ ఉచితంగా దొరుకుతాయి. తరగతికి ముందు ఇంట్లో చూసి రమ్మనడానికి బాగుంటాయి.

అపోహ: చాట్‌జీపీటీ రాసిపెడుతుంటే ఇంకా నేర్పడమెందుకు?

రాసిపెడుతుంది నిజమే. అది రాసిన లోలకం ప్రోగ్రాం సరైనదో కాదో ఎవరు తేల్చాలి? చిన్న కోణంలో 2.01 సెకన్లు వస్తున్నదా, మొత్తం శక్తి స్థిరంగా ఉంటున్నదా, అడుగును సగానికి తగ్గించినా జవాబు మారకుండా ఉంటున్నదా అని పరీక్షించమని విద్యార్థికి చెప్పగలిగేది ఆ విషయం తెలిసిన అధ్యాపకుడే.

అపోహ: పరీక్షలో అడగనిదాన్ని విద్యార్థులు పట్టించుకోరు.

ఇది కొంతవరకు వాస్తవం, కాబట్టి మార్కులు కేటాయించాలి. అయితే మార్కులు కోడ్‌కు ఇస్తే స్నేహితుడి ఫైలు చేతులు మారుతుంది. నేను సూచించేది ఇది: ఇంటర్నల్స్‌లో ఐదు మార్కులు పక్కన పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో కోణం ఇవ్వండి. రన్ చేయకముందు ఊహించిన గ్రాఫుకు రెండు మార్కులు, వచ్చిన గ్రాఫుకు ఒకటి, రెండింటి తేడాను సొంత మాటల్లో వివరించిన నాలుగు వాక్యాలకు రెండు. ఊహ తప్పినా, వివరణ సరిగా ఉంటే పూర్తి మార్కులు ఇవ్వండి. ఆ సంగతి మొదటి రోజే తరగతిలో చెప్పండి.