అల్సర్‌కు పెరుగన్నం మందు కాదు

అల్సర్ అని చెప్పగానే మా ఓపీలో మొదట వినిపించే ప్రశ్న, "ఏం తినొద్దు సార్?" పక్కనున్న భార్య వెంటనే అందుకుంటుంది: "గట్టిగా చెప్పండి సార్, మిర్చి బజ్జీలు మానమంటే మానడు." నేను బజ్జీల సంగతి వదిలేసి, ఒంటి నొప్పులకు ఏ గోలీలు వాడుతున్నారని అడుగుతాను. అడిగిందేంటి, ఈయన అడుగుతున్నదేంటి అన్నట్టు ఇద్దరూ చూస్తారు.

అపోహ: కారం వల్లే అల్సర్ వస్తుంది. పథ్యం చేస్తే మానిపోతుంది.

వాస్తవం: కడుపులో గానీ, చిన్నపేగు మొదట్లో గానీ పుండు పడటానికి ముఖ్యమైన కారణాలు రెండు. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. రెండోది నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి. ఉన్న పుండు కారానికి మండొచ్చు, కానీ ఆ పుండును చేసింది కారం కాదు. మండితే కొన్నాళ్లు తగ్గించుకోండి, మండకపోతే మామూలుగా తినండి. పథ్యం గురించి నేను చెప్పేది ఇంతే.

మలక్‌పేట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. నెలల తరబడి పెరుగన్నం, ఇడ్లీ తప్ప ఏమీ ముట్టలేదు. ఆవకాయ జాడీ కూడా కోడలికి అప్పగించేసింది. మనిషి పాలిపోయి ఉంది, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. రక్తం బాగా తగ్గిపోయింది. ఎండోస్కోపీలో కడుపులో లోతైన పుండు కనిపించింది. మందులేమైనా వాడుతున్నావా అమ్మా అంటే లేదంది. మోకాళ్ల నొప్పులున్నాయా అని అడిగితే కొంగు ముడి విప్పి గోలీల పట్టీ తీసింది. మెడికల్ షాపులో ఇచ్చినవి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. "ఇవి మందులు కావు కదా బిడ్డా, నొప్పి గోలీలు" అంది. ఆమెను ఏమనగలం? ఆవకాయ మానమని పదిమంది చెప్పారు. ఆ పట్టీ గురించి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"అన్నం తిన్నాకే వేసుకుంటున్నాం సార్" అంటారు కొందరు. ఇంకొందరు గోలీ వద్దు, సూది వేయండి అంటారు. రెండూ కాపాడవు. కడుపు లోపలి పొరను కాపాడే జిగురునూ రక్తప్రసరణనూ నిలబెట్టేవి ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. నొప్పి మాత్ర రక్తంలో కలిశాక వాటి తయారీని తగ్గిస్తుంది. నోటితో మింగినా, సూదితో ఎక్కించినా జరిగేది అదే. మామూలు నొప్పులకు పారాసిటమాల్‌తో ఈ భయం చాలా తక్కువ. అయితే గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం ఇది చదివి మీ అంతట మీరు ఆపకండి. రాసినాయనతో మాట్లాడండి.

ఇక బ్యాక్టీరియా. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా కడుపుల్లో ఇది ఉంటుంది, అందరికీ అల్సర్ రాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీని పాత్రను బయటపెట్టినప్పుడు తోటి డాక్టర్లే నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తనే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పుండున్నవాళ్లకు ఇది ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు ఇస్తాం. నోరు చేదుగా ఉంటుంది, వికారం ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఐదో రోజున మంట తగ్గిందని ఆపేస్తే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి, అది పోయిందో లేదో శ్వాస పరీక్షతోనో, మలం పరీక్షతోనో చూడాలి. ఆ పరీక్షకు ముందు 2 వారాలు పాంటాప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మందులు ఆపాలి, లేకపోతే ఉన్నది కూడా లేనట్టు రావచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత యాసిడ్ మళ్లీ పెరుగుతుంది. ఇష్టమైతే తాగండి, మందనుకుని తాగొద్దు. టెన్షన్ మంటను పెంచుతుంది, పుండుకు అదొక్కటే కారణమని చెప్పలేం. సిగరెట్ పుండును మాననివ్వదు, దీంట్లో బేరాల్లేవు. పాంటాప్రజోల్ టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే సరిగా పనిచేయదు. ఇరానీ చాయ్ ఖాళీ కడుపుతో పడకపోతే బిస్కెట్‌తో తాగండి.

ఎండోస్కోపీ అంటే చాలామందికి క్యాన్సర్ భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అల్సర్లలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, మందులతోనే మానతాయి. కడుపులోని పుండైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం, మానిందో లేదో చూడటానికి కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మంటాం. అది అనుమానంతో కాదు, జాగ్రత్త కోసం.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. విరేచనం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, ఉన్నట్టుండి కడుపు కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఐరన్ గోలీలు వాడుతుంటే కూడా విరేచనం నల్లగా రావచ్చు, ఆ సంగతి అక్కడి డాక్టర్‌కు చెప్పండి. ఛాతీలో బరువుగా ఉండి చెమటలు పడుతుంటే గ్యాస్ అనుకుని ఈనో తాగుతూ కూర్చోవద్దు, ముందు ఈసీజీ తీయించుకోండి.